రోమ్‌లో పాత చర్చిని కింద నుంచి పైకి చదవడం

రోమ్‌లో ఏ పాత చర్చిలోకి అడుగుపెట్టినా చూపు ముందు పైకప్పు మీదికి పోతుంది. బంగారు పూత, చెక్కడాలు, దేవదూతలు అన్నీ అక్కడే ఉంటాయి మరి. చిక్కేమిటంటే చాలా చర్చిల్లో అన్నిటికన్నా కొత్త భాగం ఆ పైకప్పే. 17వ శతాబ్దపు కప్పు కింద 5వ శతాబ్దపు గోడ, ఆ గోడను మోసే 2వ శతాబ్దపు స్తంభం, దాని పునాదిలో 1వ శతాబ్దపు ఇల్లు ఉండొచ్చు. అందుకే ఇక్కడ కట్టడాన్ని కింద నుంచి పైకి చూడాలి: ముందు నేల మట్టం, తర్వాత గోడ, ఆపైన స్తంభాలు, చివరికి మొజాయిక్, అంటే చిన్న గాజు, రాతి ముక్కలు అతికి చేసిన బొమ్మ. ఈ వరుస అలవాటైతే, ఎదురుగా ఉన్న గోడ ఏ కాలానిదో చాలాసార్లు ఒక శతాబ్దం అటూఇటూగా మీరే చెప్పగలుగుతారు.

ఇంకో సంగతి మొదటే గుర్తుంచుకోవాలి. రోమ్‌లో ప్రాచీన కట్టడం ఏదైనా నిండుగా నిలబడి ఉందంటే సాధారణంగా దాన్ని ఎవరో ఒకరు వాడుతూ వచ్చారన్నమాట. ప్యాంథియాన్ అనే పాత రోమన్ గుడి 609లో చర్చి అయింది. పాత రోమ్ నడిబొడ్డున ఉన్న కూడలి ఫోరమ్‌లోని సెనేట్ భవనం, అంటే క్యూరియా, 630లో చర్చి అయింది. వాడుక ఆగిపోయినవి రాతి గనులుగా మారాయి. కొలోసియమ్ రాయి శతాబ్దాల పాటు వేరే కట్టడాలకు తరలిపోయింది, నగరంలోని పాలరాయి సున్నపు బట్టీల పాలైంది. కాబట్టి మిగిలిన ప్రతిదాని మీదా మరమ్మతు ఉంటుంది, మార్పు ఉంటుంది. ఆ అతుకులను పట్టుకోవడమే మన పని. రోమ్ మీద మాకున్న ప్రేమంతా ఆ అతుకుల వల్లే.

వెంట ఏముండాలి

8 రెట్లు పెద్దగా చూపే చిన్న బైనాక్యులర్ తప్పనిసరి. సాంతా మరియా మజ్జోరేలో మధ్య మండపం రెండు గోడల మీదా 5వ శతాబ్దపు మొజాయిక్ పలకలు ఉన్నాయి. అవి స్తంభాలకు పైన, కిటికీలకు కింద ఉంటాయి. మామూలు కంటికి రంగు మచ్చల్లా తప్ప కనిపించవు, చాలామంది వాటిని అసలు చూడకుండానే బయటికి వచ్చేస్తారు.

చిల్లర రెండోది. 50 సెంట్లు, 1 యూరో, 2 యూరోల నాణేలు పదైనా ఉంచుకోండి. చాలా చర్చిల్లో మొజాయిక్ దగ్గర, మంచి చిత్రాల దగ్గర దీపం ఒక పెట్టెలో నాణెం వేస్తేనే వెలుగుతుంది, కాసేపటికే ఆరిపోతుంది. నోట్లు తీసుకోదు, చిల్లర ఇచ్చేవాళ్ళూ ఉండరు. నాణెం వేయక ముందే నిలబడాల్సిన చోటు ఎంచుకుని, బైనాక్యులర్ సరిచేసుకుని, అప్పుడు వేయండి.

1 యూరో నాణేనికి ఇంకో ఉపయోగం ఉంది. దాని వ్యాసం 23.25 మి.మీ. ఇటుక మందం, మాలు సందు అంచనా వేయడానికి, గోడకు తగలకుండా దగ్గరగా పెట్టి ఫొటో తీస్తే అదే కొలబద్ద.

బట్టల విషయంలో భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. ఆడా మగా అందరికీ ఇదే నియమం. ఒక పల్చటి చున్నీయో శాలువో సంచిలో ఉంటే ఎండాకాలంలో ఇబ్బంది ఉండదు, నేలమాళిగల్లోకి దిగినప్పుడు చలికీ పనికొస్తుంది. ఫ్లాష్, స్టాండు వద్దు.

మొదటి చూపు: నేల మట్టం

రోమ్ నేల రెండు వేల ఏళ్ళుగా పైకి లేస్తూ వచ్చింది. టైబర్ నది వరదకు ఒండ్రు పేరుకునేది. కాలిపోయిన, కూలిపోయిన ఇళ్ళ శిథిలాలను ఊరి బయటికి మోసుకెళ్ళడం కన్నా చదును చేసి వాటి మీదే కట్టడం సులువు. వరదల ఎత్తు చూడాలంటే ప్యాంథియాన్ వెనకాలే ఉన్న సాంతా మరియా సోప్రా మినర్వా చర్చి ముందు గోడకు వెళ్ళండి. ఏ ఏడాది నీళ్ళు ఎంత వరకు వచ్చాయో చిన్న రాతి పలకల మీద చెక్కి ఉంటుంది. 1598 పలక మనిషి తల కంటే చాలా ఎత్తులో ఉంది. 1870 వరద తర్వాత, 1876 నుంచి నదికి రెండు వైపులా ఎత్తైన గోడలు కట్టాక ఈ బాధ తప్పింది.

ఇక మట్టాన్ని చదివే పద్ధతి. చర్చి ముందు నిలబడి వీధి నుంచి లోపలికి మెట్లు ఎక్కాలా దిగాలా చూడండి. దిగితే కట్టడం ఈనాటి వీధి కన్నా పాతదని మొదటి అనుమానం పెట్టుకోవచ్చు. మెట్లు లెక్కపెట్టండి. ఒక్కో మెట్టు 15 నుంచి 17 సెం.మీ. అనుకుంటే 20 మెట్లకు 3 మీటర్లు దాటుతుంది. ప్యాంథియాన్ ముందున్న కూడలిలో మెట్లు లేవు కానీ, నడుమ ఉన్న ఒబెలిస్క్ (సన్నటి నిలువు రాతి స్తంభం) దగ్గర నిలబడితే నేల గుమ్మం వైపు వాలుగా దిగుతున్నట్టు తెలుస్తుంది. ఒకప్పుడు ఆ గుమ్మానికి మెట్లు ఎక్కి వెళ్ళేవారు.

దీనికి తలకిందులు చూడాలంటే ఫోరమ్‌లోని సాన్ లొరెంజో ఇన్ మిరాండా. ఇది చర్చి కాకముందు, క్రీ.శ. 141లో మొదలైన రోమన్ చక్రవర్తి ఆంటోనైనస్, అతని భార్య ఫౌస్టీనాల గుడి. స్తంభాల వెనక చర్చి తలుపు ఇప్పుడు గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. ఆ తలుపు పెట్టిన కాలంలో నేల అంత ఎత్తున ఉండేది, తర్వాత పురాతత్వ తవ్వకాల్లో మట్టి తీసేస్తే తలుపు పైనే మిగిలింది. ఆ స్తంభాల పై భాగంలో ఏటవాలుగా కోసిన గాడులు కూడా చూడండి. తాళ్ళు కట్టి లాగేయబోయిన గుర్తులని చెబుతారు.

రెండు చోట్ల ఈ పద్ధతి మోసం చేస్తుంది. ఒకటి, సాంట్ అన్యేసే ఫ్వోరి లే మూరా. పొడవైన మెట్ల దారిలో కిందికి దిగుతారు, కానీ అక్కడ కారణం నేల లేవడం కాదు. 7వ శతాబ్దంలో పోప్ ఒనోరియుస్ ఆ చర్చిని నేలకింది సమాధి మట్టంలోనే కట్టించాడు. రెండోది, చర్చి లోపలి నేలనే పైకి ఎత్తిన సందర్భాలు. ఫోరమ్ పక్కనున్న సాంతి కోస్మా ఎ దమియానోలో 1632లో నేలను ఏకంగా 7 మీటర్ల దాకా లేపేశారు. అందుకే అక్కడి 6వ శతాబ్దపు మొజాయిక్ మరీ దగ్గరగా, భారీగా కనిపిస్తుంది. తేమ బాధ తప్పించుకోవడానికి చేసిన ఈ పని నేటి సందర్శకులకు వరమైంది. ఈ ఒక్క చోట బైనాక్యులర్ అక్కర్లేదు. డయోక్లీషియన్ చక్రవర్తి స్నానశాలల్లో మికెలాంజెలో 1561 తర్వాత మలిచిన సాంతా మరియా దెల్యి ఆంజెలిలో కూడా నేల సుమారు 2 మీటర్లు లేచింది. ఎర్ర గ్రానైటు మహాస్తంభాలు ఎనిమిదింటి అసలు పీఠాలు నేల కింద ఉండిపోయాయి, పైన కనబడేవి తర్వాత తొడిగినవి. నేల ఎత్తారేమో అని ఎప్పుడు అనుమానించాలంటే: స్తంభం దాని లావుకు తగ్గ పొడవు లేకుండా పొట్టిగా కనిపించినప్పుడు, పీఠం రాయి పై కాండం రాయితో కలవనప్పుడు, పెద్ద మొజాయిక్ కంటికి మరీ దగ్గరగా వచ్చినప్పుడు.

గోడ: ఇటుక, సందు, రంధ్రం

అసలైన చదువు ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడండి. రోమన్ గోడ ఇటుక గోడలా కనిపించినా లోపలంతా కాంక్రీటు: సున్నం, పొట్సోలానా అనే అగ్నిపర్వతపు బూడిద మట్టి, రాళ్ళ ముక్కలు. బయట కనిపించే రాయో ఇటుకో తొడుగు మాత్రమే. ఆ తొడుగు కాలాన్ని బట్టి మారింది, మన వయసు లెక్క దాని మీదే ఆధారపడుతుంది.

తొడుగు రాళ్ళు వలలా, 45 డిగ్రీల వంపులో, చిన్న చతురస్రాలుగా పేర్చి ఉంటే అది రెటిక్యులాటమ్. ఒక్కో రాయి ముఖం దాదాపు 6 నుంచి 10 సెం.మీ., వెనక పిరమిడ్‌లా సన్నబడి కాంక్రీటులోకి దిగి ఉంటుంది. క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 2వ శతాబ్దం మొదటి భాగం దాకా దీని కాలం. వల మధ్యలో ఇటుక పట్టీలు కూడా వస్తే అది సాధారణంగా 1వ శతాబ్దం చివరిదో 2వ శతాబ్దానిదో.

పూర్తి ఇటుక ముఖం క్రీ.శ. 1వ శతాబ్దంలో బలపడింది. రోమన్ అడుగు 29.6 సెం.మీ. ఇటుకలు మూడు కొలతల్లో కాల్చేవారు: అడుగులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 20 సెం.మీ. చదరం, అడుగున్నర చదరం, రెండడుగుల చదరం. చిన్నదాన్ని మూలల మీదుగా త్రికోణాలుగా కోసి, పొడవాటి అంచు బయటికి, మొన లోపలికి పెట్టేవారు. మొన కాంక్రీటును పట్టుకుంటుంది. అందుకే ముఖం ఊడిన చోట గోడలో పళ్ళలాంటి గాట్లు కనిపిస్తాయి. మధ్యమధ్యలో గోడకు అడ్డంగా రెండడుగుల ఇటుకల వరుస ఒకటి పరిచేవారు.

ఇప్పుడు నాణెం తీయండి. రోమన్ ఇటుక మందం ఎక్కువగా 3 నుంచి 4 సెం.మీ. మధ్య, అంటే నాణెం వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. సందు ఎంత ఉందో చూడండి. 1వ, 2వ శతాబ్దాల మంచి పనిలో సందు సన్నగా, వరుస గీత గీసినట్టుగా ఉంటుంది. 4వ శతాబ్దానికి వచ్చేసరికి సందు ఇటుకంత మందమవుతుంది. ఇటుకలు కూడా పాత కట్టడాల నుంచి ఊడదీసినవి, పొడవు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. టఫ్ (మెత్తటి అగ్నిపర్వతపు రాయి) దిమ్మెల వరుస, ఇటుక వరుస మార్చి మార్చి కనిపిస్తే అది 4వ శతాబ్దమో ఆ తర్వాతదో అని మొదటి అంచనా. 9వ శతాబ్దపు పోపుల చర్చిల్లో ఇటుక వరుసలు నీటి అలలా వంకరగా పోతాయి. 11, 12 శతాబ్దాల తాపీ మేస్త్రీలు మాలు తడిగా ఉండగానే సందు మధ్య సన్నగా గీత గీసేవారు. ఆ గీత దొరికితే గోడ మధ్యయుగానిదే. 13వ శతాబ్దంలో చిన్న టఫ్ దిమ్మెల గోడలు విరివిగా వస్తాయి.

రంధ్రాలను తికమకపడకండి. ఇటుక గోడలో సమాన దూరంలో, ఒకే ఎత్తులో వరుసగా ఉన్న చతురస్రపు రంధ్రాలు కట్టేటప్పుడు సారవ కర్రలు దూర్చినవి. అవే చిన్నగా, చెల్లాచెదురుగా ఉంటే పాలరాతి పలకలను పట్టుకున్న ఇనుప కొక్కేల గుర్తులు, ఆ గోడకు ఒకప్పుడు పాలరాతి తొడుగు ఉండేదన్నమాట. కొలోసియమ్ ట్రావర్టైన్ (లేత రంగు సున్నపురాయి) దిమ్మెల మధ్య కనిపించే పెద్ద గుంతలు వీటి లెక్కలోవి కావు. దిమ్మెలను కలిపిన ఇనుప బిగింపుల కోసం మధ్యయుగంలో తవ్విన చోట్లు. చాలామంది వాటిని యుద్ధపు తూటా దెబ్బలనుకుంటారు.

గోడలో ఇటుకల విల్లు (ఆర్చి) ఒకటి కనిపిస్తుంది, కానీ దాని కింద తలుపూ లేదు, కిటికీ లేదు. అది మూసేసిన ద్వారం కావచ్చు, భారం పక్కలకు పంచే విల్లు కావచ్చు. తేడా చెప్పేది విల్లు లోపలి ఇటుక. చుట్టూ ఉన్న వరుసలు విల్లు కింద కూడా అదే మట్టంలో కొనసాగితే భారం పంచే విల్లు. వరుస తెగి వేరే ఇటుక, వేరే మాలు వస్తే మూసిన ద్వారం.

ముందు గోడను మాత్రం నమ్మొద్దు. సాంతా మరియా మజ్జోరే ముఖం 1740లలో వాస్తుశిల్పి ఫుగా కట్టినది, లోపలి మండపం 430లది. చర్చి వయసు తెలియాలంటే పక్క సందులోకి వెళ్ళి పక్క గోడ పై భాగం, వెనక అర్ధవృత్తపు గోడ చూడండి. అక్కడ అలంకారానికి ఎవరూ ఖర్చు పెట్టలేదు కాబట్టి అసలు ఇటుక బయటే ఉంటుంది, మూసేసిన పాత కిటికీల విల్లులతో సహా.

స్తంభాలు

రోమ్ చర్చిల స్తంభాల్లో చాలా భాగం పాత గుడుల నుంచో స్నానశాలల నుంచో తెచ్చినవి. ఒక వరుస స్తంభాల ముందు నిలబడి నాలుగు చూడాలి: పీఠాలు ఒకేలా ఉన్నాయా, కాండం రాయి ఒకటేనా, బోదిగలు (స్తంభం తల మీది చెక్కడాలు) ఒకే పనివాళ్ళవా, ఎత్తు సరిపెట్టడానికి పైనో కిందో అదనపు దిమ్మె పెట్టారా.

అవెంటైన్ కొండ మీది సాంతా సబీనాతో మొదలుపెట్టడం మంచిది. 422, 432 మధ్య కట్టిన ఈ చర్చిలో నిలువు గాడులు తీసిన 24 కొరింథియన్ (బోదిగ మీద ఆకులు చెక్కిన) స్తంభాలు ఒకే జట్టు. ఒకే కట్టడం నుంచి మొత్తం సెట్టు దొరికిందన్నమాట. తర్వాత సాంతా మరియా ఇన్ ట్రస్తేవెరేకి వెళ్ళండి. 1140ల నాటి ఆ మండపంలో 22 స్తంభాలు, లావులు వేరు, పీఠాలు వేరు, బోదిగలు వేరు. అయోనిక్, అంటే చుట్టలు తిరిగిన, బోదిగల్లో కొన్నింటి మీద ఐసిస్, సెరాపిస్ లాంటి ఈజిప్టు దేవతల ముఖాలుండేవి. 19వ శతాబ్దంలో అవెవరివో గుర్తించాక, 1870 నాటి మరమ్మతులో ఆ ముఖాలను కొట్టేశారు. బైనాక్యులర్‌తో చూస్తే చదునైన మచ్చలు తెలుస్తాయి. ఏడు వందల ఏళ్ళు ఎవరికీ అడ్డురాని ముఖాలను పేరు తెలిశాక పగలగొట్టడం బాధ కలిగించే సంగతి.

రాళ్ళలో ఐదింటిని గుర్తుపడితే చాలావరకు సరిపోతుంది. పచ్చటి అలలున్నది చిపొల్లీనో, గ్రీసులోని ఎవియా ద్వీపానిది. పసుపు రంగుది జాల్లో ఆంతికో, ట్యునీసియాది. తెలుపు మీద ఊదా నరాలున్నది పవొనజ్జెత్తో, టర్కీ నడిబొడ్డుది. బూడిద రంగు గ్రానైటు, గులాబీ గ్రానైటు తరచుగా ఈజిప్టువి. ముదురు ఊదా ఎరుపు రాయి పోర్ఫిరీ, ఈజిప్టు తూర్పు ఎడారిది, చక్రవర్తుల రాయి. పోర్ఫిరీ గని ప్రాచీన కాలం చివర్లోనే మూతపడింది, కాబట్టి మధ్యయుగపు చర్చిలో అది ఎక్కడ కనిపించినా మళ్ళీ వాడినదే. 12, 13 శతాబ్దాల్లో కోస్మాతి అనే, రంగురాళ్ళ ముక్కలు పొదిగిన నేలల్లో గుండ్రటి ఊదా బిళ్ళలుంటాయి కదా, అవి పాత పోర్ఫిరీ స్తంభాలను అడ్డంగా ముక్కలు కోసి పరిచినవి. బిళ్ళ వ్యాసమే ఆ స్తంభం లావు.

మొజాయిక్ చూసే తీరు

బంగారు మొజాయిక్‌లో ఒక్కో ముక్క రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు. ముక్కలను చదునుగా కాక కొంచెం వాలుగా గుచ్చుతారు, కాబట్టి ఒకే చోట నిలబడితే సగం చీకటిగా ఉంటుంది. ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నడవండి, మెరుపు కదులుతుంది.

తర్వాత మరమ్మతు వెతకండి. సాంతా మరియా మజ్జోరే మండపంలో మొదట 42 పలకలుండేవి, 27 మిగిలాయి. పోయిన చోట రంగుతో బొమ్మ గీశారు. బైనాక్యులర్‌లో ముక్కల గళ్ళు కనిపించకపోతే అది చిత్రమే. సాంతి కోస్మా ఎ దమియానోలో ఎడమ చివర నిలబడ్డ పోప్ ఫెలిక్స్ బొమ్మ 17వ శతాబ్దంలో కొత్తగా చేసినది. పక్కనున్న 6వ శతాబ్దపు ముఖాలతో పోల్చి చూస్తే ఆ మెత్తదనం వేరని తెలుస్తుంది.

తల వెనక వలయం చతురస్రంగా ఉంటే, బొమ్మ వేసే నాటికి ఆ మనిషి బతికే ఉన్నాడని గుర్తు. సాంతా ప్రస్సేదేలో పోప్ పస్కల్ (817–824) అలా కనిపిస్తాడు. అదే చర్చిలోని సాన్ జేనో గదిలో అతని తల్లి థియోడోరా కూడా చతురస్రపు వలయంతోనే ఉంది. గోడల నుంచి కప్పు దాకా మొజాయిక్ కప్పేసిన ఆ చిన్న గది రోమ్‌లో 9వ శతాబ్దపు పనికి తలమానికం. సందర్శకుల్లో ఎక్కువమంది పక్కనున్న పెద్ద చర్చి సాంతా మరియా మజ్జోరే చూసి వెళ్ళిపోతారు. నాణెం వేసి చూడాల్సిన చోట్లలో ఇది మొదటిది.

అన్నీ ఒకే చోట: సాన్ క్లెమెంతే

నేర్చుకున్నదంతా ఒక్క కట్టడంలో పరీక్షించుకోవాలంటే కొలోసియమ్ నుంచి ఐదారు నిమిషాల నడకలో ఉన్న సాన్ క్లెమెంతేకి వెళ్ళండి. పైన 12వ శతాబ్దం మొదటి పాదంలో కట్టిన చర్చి, దాని కింద 4వ శతాబ్దపు చర్చి, ఆ కింద 1వ శతాబ్దపు కట్టడాలు. కింది చర్చి ఉందని 1857లో తవ్వి బయటపెట్టింది ఇక్కడి ఐర్లండ్ డొమినికన్ సన్యాసి జోసెఫ్ ముల్లూలీ. పైచర్చి ప్రవేశం ఉచితం, కిందికి దిగడానికి టికెట్.

పైన మొదట పావుగంట చాలు. నడుమ ఉన్న తెల్లటి పాలరాతి గాయకుల ఆవరణ చూడండి. దాని పలకల మీద 6వ శతాబ్దపు పోప్ రెండో జాన్ గుర్తు ఉంది. చర్చి 12వ శతాబ్దానిది, పలకలు అంతకన్నా ఆరు వందల ఏళ్ళు పాతవి, ఎలా? కింది చర్చిని వదిలేసేటప్పుడు వీటిని ఊడదీసి పైకి తెచ్చుకున్నారు.

కిందికి దిగాక తికమక మొదలవుతుంది. చర్చి ఆకారం అర్థం కాదు, గోడలు అడ్డంగా వస్తాయి. కారణం తెలిస్తే తేలిక. పై చర్చి కట్టేందుకు కింది చర్చిని స్తంభాల ఎత్తు దాకా శిథిలాలతో నింపేశారు, పై స్తంభాలను మోసేందుకు కింద కొత్త గోడలు లేపారు. పై మండపం కింది దానికన్నా ఇరుకు కావడంతో ఒక పునాది గోడ కింది మండపం మధ్యలోంచే పోతుంది. ముందు ఆ గోడను పట్టుకోండి, దాన్ని మనసులో తీసేస్తే వెడల్పాటి పాత మండపం కళ్ళకు కడుతుంది. స్తంభాల మధ్య ఖాళీలు మూసిన రాతి పని ఎక్కడ మొదలైందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇక్కడి 11వ శతాబ్దపు చిత్రాల్లో, సెయింట్ క్లెమెంట్ కథలోని సిసిన్నియుస్ అనే రోమన్ బొమ్మను వదలకండి. అతను పనివాళ్ళను తిడుతూ గట్టిగా లాగమని అరిచే మాటలు లాటిన్‌లో కాక ఆనాటి జనం మాట్లాడే భాషలో రాసి ఉన్నాయి. ఇటాలియన్ రాతల్లో తొలి నమూనాల్లో ఇదొకటి.

ఇంకా కిందికి దిగితే రెండు కట్టడాల మధ్య ఇరుకు సందు. ఒక వైపు పెద్ద టఫ్ దిమ్మెల గోడ, ఇంకో వైపు ఇటుక ఇల్లు. గోడ పాఠాన్ని రెండు చేతులు చాచితే అందే దూరంలో ఇలా ఎదురెదురుగా పెట్టి చూపే చోటు నగరంలో ఇంకోటి మాకు తెలియదు. ఆ ఇంట్లోనే రోమన్లు రహస్యంగా కొలిచిన మిత్ర దేవుడి గుడి: రెండు పక్కలా అరుగులు, నడుమ ఎద్దును చంపుతున్న మిత్రుడు చెక్కిన బలిపీఠం. నీళ్ళు పారే చప్పుడు వినిపిస్తుంది. గోడలకు తేమ ఎక్కి పాడవుతుంటే 1912–14లో సొరంగం తవ్వి ఆ నీటిని పాత క్లోకా మాక్సిమా కాలువలోకి మళ్ళించారు. కింద చల్లగా, తడిగా ఉంటుంది, రాళ్ళు జారతాయి. గట్టి పట్టున్న చెప్పులు వేసుకోండి. కింద ఫొటోలు తీయనివ్వరు. గంట సమయం ఉంచుకుని, చివర మళ్ళీ పైకి వచ్చి నేల మీది ఊదా బిళ్ళలను చూడండి.

ప్యాంథియాన్ దగ్గర జాగ్రత్తలు

ముఖం మీది అక్షరాలు అగ్రిప్పా అనే నాయకుడు మూడోసారి కాన్సుల్‌గా (రోమ్ అత్యున్నత పదవిలో) ఉండగా కట్టించాడంటాయి, అంటే క్రీ.పూ. 27. అది నమ్మితే దెబ్బతింటారు. అగ్రిప్పా గుడి క్రీ.శ. 80లో కాలింది, 110లో పిడుగు పడింది. ఇప్పుడున్నది 2వ శతాబ్దం మొదటి భాగంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలానికి పూర్తయినది. 1892లో ఫ్రెంచి వాస్తుశిల్పి జార్జ్ షెదాన్ ఇటుకల మీది ముద్రలు చూసి ఈ సంగతి తేల్చాడు. శాసనం కన్నా ఇటుక ఎక్కువ నిజం చెప్పిన సందర్భమిది. లోపలికి పోయే ముందు పక్క గోడ వెంట ఒక చుట్టు నడవండి, భారం పంచే విల్లులు వరుసగా కనిపిస్తాయి.

ముందు వసారాలో 16 స్తంభాలు. కాండం ఒక్కటే రాయి, సుమారు 12 మీటర్లు. ముఖద్వారానికి ఎదురుగా నిలబడితే ఎడమ పక్కన ఉన్న మూడు 17వ శతాబ్దంలో మార్చినవి. ఒక బోదిగ మీద బార్బెరిని వంశపు పోపు గుర్తు తేనెటీగ, మిగతా వాటి మీద కీజి వంశపు పోపు గుర్తులు కొండలు, నక్షత్రం ఉంటాయి.

లోపలి వ్యాసం, ఎత్తు రెండూ 43.3 మీటర్లు. గోపురం నిలబడటానికి కారణం కాంక్రీటులో కలిపిన రాయి. కింద బరువైన ట్రావర్టైన్, పైకి పోయేకొద్దీ టఫ్, ఇటుక ముక్కలు, చివర నీటి మీద తేలేంత తేలికైన నురగరాయి. మందం కూడా అడుగున 6 మీటర్ల నుంచి నడినెత్తిన 1.2 మీటర్లకు తగ్గుతుంది. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి విమానాన్ని నీటి మీద తేలే ఇటుకలతో కట్టారని మనవాళ్ళకు తెలుసు. పై బరువు తగ్గించాలన్న ఆలోచన రెండు చోట్లా ఒకటే, పదార్థాలు వేరు. వాన పడితే నడినెత్తి రంధ్రంలోంచి నీళ్ళు లోపలే పడతాయి. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది, సన్నటి రంధ్రాల గుండా నీరు దిగిపోతుంది. తడి పాలరాయి మీద చూసి నడవండి. ఏప్రిల్ 21 మిట్టమధ్యాహ్నం ఎండ గుమ్మం మీద పడుతుంది, ఆ రోజు రోమ్ పుట్టినరోజు, జనం విపరీతం. 2023 జూలైలో 5 యూరోల టికెట్ పెట్టారు, ఇప్పటి ధర ముందు చూసుకోండి. నెలలో మొదటి ఆదివారం ఉచితం కాబట్టి ఆ రోజు తప్పించుకుంటేనే ప్రశాంతంగా చూడొచ్చు.

రోజు ఎలా పంచుకోవాలి, ఎక్కడ చెడుతుంది

అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది మధ్యాహ్నపు మూత. నాలుగు పెద్ద బాసిలికాలు (సాన్ పియెత్రో, సాన్ జొవాన్ని ఇన్ లతెరానో, సాంతా మరియా మజ్జోరే, సాన్ పావొలో) పగలంతా తెరిచే ఉంటాయి. మిగతా చర్చిలు చాలావరకు 12, 12:30కి మూసి 3, 4 గంటల మధ్య తెరుస్తాయి. అందుకే ఉదయం 7కే తెరిచే సాంతా మరియా మజ్జోరేతో మొదలుపెట్టి, దాని పక్కనే ఉన్న సాంతా ప్రస్సేదేకి వెళ్ళి, 10 గంటలకల్లా సాన్ క్లెమెంతేలో దిగండి. మూసే ముందు అరగంటకే కిందికి పంపడం ఆపేస్తారు, 12కి వెళ్తే దొరకదు. మధ్యాహ్నం సాన్ జొవాన్నికి పెట్టుకోండి. అక్కడి నడిమి కంచు తలుపులు క్యూరియావి, 17వ శతాబ్దంలో తెచ్చి బిగించారు. తలుపు అంచుల వెంట పెద్దది చేయడానికి అతికిన పట్టీలు కనిపిస్తాయి. 4 తర్వాత సాంతి కోస్మా ఎ దమియానో, ఆఖర్న ప్యాంథియాన్.

ఆదివారం ఉదయం ఈ పని పెట్టుకోవద్దు. పూజ జరుగుతుంటే మండపంలో తిరగడం తప్పు, చాలా చోట్ల తిరగనివ్వరు కూడా. ఆగస్టు 15 చుట్టూ చిన్న చర్చిలు మూసి ఉండే అవకాశం ఎక్కువ. ఒకే రోజు ఆరు చర్చిలకు మించితే స్తంభాలన్నీ ఒకటిగా కలిసిపోతాయి, ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. ప్రతి చోటా బయటికి రాగానే నాలుగు ముక్కలు రాసుకోండి: మెట్లు ఎన్ని దిగామో, సందు ఎంత మందమో, స్తంభాలు జట్టువో కావో, మొజాయిక్‌లో మరమ్మతు ఎక్కడుందో.

తలుపు మూసి ఉంటే తిరిగి రాకండి. టైబర్ ఒడ్డు దగ్గర సాన్ నికోలా ఇన్ కర్చెరే చర్చికి అయితే లోపలికి వెళ్ళే పనే లేదు. అక్కడ పక్కపక్కనే ఉన్న మూడు పాత గుడుల మీద చర్చి లేచింది, పక్క గోడల్లో ఆ గుడుల స్తంభాలు సగం బయటికి సగం లోపలికి ఇరుక్కుని ఉంటాయి. ఒక పక్క గోడ చూశాక చుట్టి రెండో పక్కకూ వెళ్ళండి. ఒక వైపు స్తంభాలు డోరిక్ (సాదా బోదిగవి), ఇంకో వైపువి అయోనిక్, వాటి మధ్య ఖాళీలను నింపిన రాయి వేరే కాలానిది.